ప్రథమ బహుమతి పొందిన మేక

జిల్లాలోని ఉన్నత పాఠశాలల విద్యార్థులందరూ చిత్రకారులు కావాలని ప్రభుత్వం ఫిబ్రవరి పదో తేదీన నిశ్చయించింది. గడువు ఇరవయ్యో తేదీ. పిల్లలకు శ్రమ లేకుండా ఏం గీయాలో కూడా తనే ఆలోచించి పెట్టింది: "మా వీధి కుళాయి, మా బతుకుల్లో హాయి." నియమావళి పదకొండు పేజీలు. నాలుగో పేజీ ప్రకారం విద్యార్థి తన కళ్లతో చూసిందే గీయాలి. తొమ్మిదో పేజీ ప్రకారం కుళాయిలో నీళ్లు తప్పనిసరిగా రావాలి. రెండు పేజీలనూ ఒకే అధికారి రాయలేదు కాబట్టి ఇందులో ఎవరినీ తప్పుపట్టడానికి లేదు.

మహారాష్ట్రలో, మరాఠ్వాడాలోని బాభుళ్‌ఖేడా అనే ఊరికి కుళాయి ఉంది. రెండేళ్ల కిందట రిబ్బను కత్తిరించి, కొబ్బరికాయ కొట్టి మరీ ప్రారంభించారు. ఆ కుళాయి దగ్గర జనం ఇంతవరకూ చూసిన నీళ్లు ఆ కొబ్బరికాయలోవే. అలాగని అది ఊరికే పడి లేదు. సిమెంటు దిమ్మెలో పాతిన గట్టి ఇనుప గొట్టం కావడంతో ప్రాజక్తా అనే బడిపిల్ల వాళ్ల నాయనమ్మ తన మేకను దానికే కట్టేస్తుంది. మేక పేరు చిమణీ. పథకం వల్ల ఊళ్లో నేరుగా లబ్ధి పొందిన ప్రాణి అదొక్కటే. మిగతా ఊరంతా రోజూ పదింటికి వచ్చే ప్రభుత్వ ట్యాంకరు మీద బతుకుతోంది.

ప్రాజక్తా లోంఢే పదో తరగతి చదువుతోంది. ఆ పైన చదవాలంటే కాలేజీ తొమ్మిది కిలోమీటర్ల అవతల ఉంది, బస్సు లేదు. సైకిలు ఉంటే కాలేజీ, లేకపోతే చదువు పదితో సరి. పోటీలో మొదటి బహుమతి సైకిలని తెలియగానే పిల్లకు కళ మీద ఎక్కడలేని ప్రేమ పుట్టుకొచ్చింది.

డ్రాయింగు చెప్పేది ఢోండ్గే సర్. నిజానికి ఆయన లెక్కల మాస్టారు. పాత డ్రాయింగు మాస్టారు రిటైరవుతూ బీరువా తాళం ఈయన చేతిలో పెట్టడంతో కళ కూడా ఈయనకే సంక్రమించింది. ఆయన ప్రాజక్తా కాగితం చూసి కళ్లజోడు సర్దుకున్నాడు.

"నీళ్లేవే?"

"రావట్లేదు కదా, సర్."

"బొమ్మలో రప్పించవే! నీ సొమ్మేం పోయింది?"

"ఎట్లా వస్తాయో ఎప్పుడూ చూళ్లేదు, సర్. తిన్నగా పడతాయా, వంపు తిరుగుతాయా?"

ఢోండ్గే సర్ చాలాసేపు ఆలోచించాడు. ఆయనదీ ఆ ఊరే మరి. "సర్లే, నాలుగో పేజీ ప్రకారం కానియ్," అన్నాడు.

ప్రాజక్తా కానిచ్చింది. ఎండిన కుళాయి, దానికి కట్టేసిన చిమణీ, మెడ పూర్తిగా పక్కకు తిప్పి. నాయనమ్మకు ఆ మెడ నచ్చలేదు.

"ఫోటోకి నిలబడ్డట్టు ముందుకు చూడనియ్యరాదటే? అదేం చూపే?"

"ట్యాంకరు వచ్చే వేళ కదా, ఆజీ. రోజూ దారివైపే చూస్తది."

"అవునే, మనకంటే ముందు దానికే తెలుస్తది, దొంగముండకి," అని నాయనమ్మ మురిసిపోయింది.

న్యాయనిర్ణేతలు ముగ్గురు: నీటి సరఫరా ఇంజనీరు కుల్థే సాహెబ్, పశువుల డాక్టరు, తాలూకా ఆఫీసు హెడ్‌క్లర్కు. కళ తెలిసినవాళ్లు పక్షపాతం చూపిస్తారన్న భయంతో వాళ్లనెవరినీ పిలవలేదు. మొత్తం పన్నెండువందల బొమ్మలు వచ్చాయి. అన్నిట్లోనూ రెండు కొండలు, కొండల నడుమ సూర్యుడు, కింద జలపాతంలా దూకుతున్న కుళాయి. వాటిలో ఒకదాన్ని ఎంచితే మిగతావాటికి అన్యాయం జరుగుతుందని కమిటీ తలపట్టుకుంది. అప్పుడు మేక బయటపడింది.

"ఇరవయ్యేళ్ల సర్వీసులో ఇంత ఆరోగ్యంగా ఉన్న మేకను నేను చూళ్లేదు," అన్నాడు పశువుల డాక్టరు చెమ్మగిల్లిన కళ్లతో.

"మేక బాగానే ఉందండీ, కుళాయి సంగతేంటి? దీనికి బహుమతి ఇస్తే సంజాయిషీ రాసుకోవాల్సింది నేను!" అన్నాడు కుల్థే సాహెబ్.

"మరమ్మతు మీ శాఖదే కదా, సాహెబ్," అంటూ హెడ్‌క్లర్కు కుంచె అందించాడు.

కుల్థే సాహెబ్ నీలం రంగులో కుంచె ముంచి, రెండున్నర నిమిషాల్లో నీళ్లు రప్పించాడు. బాభుళ్‌ఖేడా కుళాయికి జరిగిన మొట్టమొదటి మరమ్మతు అదే. పని నాణ్యంగా ఉందని కమిటీ ఏకగ్రీవంగా సంతకాలు చేసింది.

ఏప్రిల్లో బహుమతి ప్రదానం జరిగింది. మంత్రిగారు బొమ్మను రెండు చేతులా ఎత్తి చూపించారు. "ఒకప్పుడు ఈ గడ్డ మీద మనుషులకే నీళ్లు లేవు! ఈనాడు మా హయాంలో మేకలు సైతం కుళాయి నీళ్లు కడుపారా తాగి, ఇక చాలు బాబోయ్ అని మొహం తిప్పుకుంటున్నాయి!" సభ దద్దరిల్లింది. అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది లారీలో వచ్చిన బాభుళ్‌ఖేడా జనమే.

ప్రాజక్తా తన బొమ్మలో నీళ్లను అప్పుడే చూసింది. ఓహో, ఇలా వంపు తిరుగుతాయన్నమాట అనుకుంది. ఇవి తను వేసినవి కావని చెప్పబోయింది కూడా. వేదిక పక్కన ఎర్ర సైకిలు తళతళలాడుతోంది. నోరు మూసుకుని, దండం పెట్టి, సైకిలు తీసుకుంది. ఆ వయసులో మీరైనా అదే చేసేవారు. ఈ వయసులోనూ అదే చేస్తున్నారు.

ప్రభుత్వం కళను ఎంత గౌరవిస్తుందో తర్వాత తెలిసింది. బొమ్మ నకలును ఫైలుకు జతచేసి, "మేకలు సైతం తిరస్కరించు స్థాయిలో నీరు లభ్యమగుచున్నందున" బాభుళ్‌ఖేడాకు ట్యాంకరు రద్దు చేశారు. ఇప్పుడు నీళ్లకు నాలుగు కిలోమీటర్ల అవతలి బావికి పోవాలి. అదృష్టం కొద్దీ ప్రాజక్తాకు సైకిలుంది. వెనక రెండు బిందెలు కట్టుకుని పొద్దున మూడు సార్లు, సాయంత్రం మూడు సార్లు తిరుగుతోంది. కాలేజీకి టైము కుదరక పేరు రాయించలేదు.

"అన్నీ ఆలోచించే ఇచ్చారే తల్లీ సైకిలు," అంటుంది నాయనమ్మ. ఆవిడ మాటలో ఎగతాళి లేదు. అదే బాధ.

ఆ బొమ్మను పోస్టరుగా వేసి అన్ని ఆఫీసుల్లోనూ అంటించారు. మీరూ చూసే ఉంటారు. చిన్నపిల్లయినా నీళ్లు ఎంత సహజంగా వేసిందో అని మెచ్చుకునే ఉంటారు. ఈసారి వెళ్లినప్పుడు ఒక్క నిమిషం మేకను చూడండి. అది నీళ్లవైపు చూడటం లేదు. ఇంకా దారివైపే చూస్తోంది.