తలుపుకి అవతల వ్యాకరణం

ఆ ఉదయం ఇంట్లో పథకం చాలా తేలికైనది. పది గంటలకు అమ్మాయి లాప్‌టాప్ ముందు కూర్చుని ఇంటర్వ్యూ ఇస్తుంది. ఈలోగా ఆమె తండ్రి, రిటైరైన ఇంగ్లీషు మాస్టారు, స్నానం ముగించుకొచ్చి పక్కనే కుర్చీ వేసుకుంటారు. ఆమె నోట తప్పు దొర్లితే సైగ చేస్తారు. ఫోన్లో కస్టమర్ల ఫిర్యాదులు వినే ఉద్యోగమది. ఇదివరకు రెండుచోట్ల కాదనిపించుకుంది పాపం. ఇదీ పోతే ఇక ఇంటర్వ్యూల జోలికే వెళ్ళనని ముందే చెప్పేసింది.

అందుకే మాస్టారు వారం నుంచి ఇంట్లో ఒక చట్టం అమలు చేస్తున్నారు. ఎవరైనా ఇంగ్లీషులోనే మాట్లాడాలి. తెలుగు మాట్లాడినా, వాక్యం తప్పినా ఎవరూ పలకకూడదు. ఇంగ్లీషు రాని ఆయన భార్య వారమంతా పళ్ళబిగువున నోరు కట్టేసుకుంది.

సరిగ్గా ఆ రోజే, మాస్టారు లోపలుండగా స్నానాలగది గడియ బిగుసుకుపోయింది.

"ఏమేవ్, తలుపు రావట్లేదే."

"తెలుగుకి పలకొద్దన్నారుగా," అంది భార్య.

మాస్టారు పళ్ళు నూరుకుంటూ అదే మాట చక్కటి ఇంగ్లీషులో చెప్పారు.

"అది తప్పో ఒప్పో నాకేం తెలుసు? చెప్పాల్సిన మనిషి లోపలున్నారు."

వారం రోజుల కసి కాస్త తీరాక, ఆమె వెళ్ళి పక్కవీధి వడ్రంగిని పిలుచుకొచ్చింది. దారిలో ఇంటి చట్టం గురించి కూడా చెప్పింది. అదే కొంప ముంచింది.

వడ్రంగి ఉత్సాహంగా తలుపు ముందు చతికిలబడి, "సార్, ఐ కమింగ్. యు బ్యాక్ గో," అన్నాడు.

"ఐ యామ్ కమింగ్ అనాలి," లోపలి నుంచి ఠక్కున వచ్చింది జవాబు. "ఏదీ, మళ్ళీ చెప్పు."

వడ్రంగి ఉలి సంచిలో పడేశాడు. "తలుపు తియ్యడానికొచ్చానమ్మా, పరీక్ష రాయడానికి కాదు," అంటూ చెప్పులేసుకున్నాడు.

అవతలి గదిలో అప్పటికే ఇంటర్వ్యూ మొదలైంది. లాప్‌టాప్ తెర మీది అధికారులిద్దరూ మొదటి ప్రశ్న అడిగారో లేదో, ఇల్లదిరేలా కేక వినిపించింది. "ఓపెన్ డోర్. ఐ డైయింగ్ హియర్." ఉక్కపోతకి మాస్టారి వ్యాకరణం ఆవిరైపోయింది.

అమ్మాయి ఉన్నపళంగా పరుగెత్తింది. మైకు ఆపడం మర్చిపోయింది.

"బాబాయ్, నాన్న నన్నూ ఇలాగే దిద్దుతారు. నోటి దురుసే గానీ మనసులో ఏమీ ఉండదు. మీరూ వెళ్ళిపోతే మాకు దిక్కెవరు?" అని వడ్రంగిని కూర్చోబెట్టింది. తలుపు వైపు తిరిగి, "నాన్నా, ప్లీజ్ సైలెంట్. టూ మినిట్స్ ఓన్లీ. బాబాయ్ గుడ్ మ్యాన్, యు ఆల్సో గుడ్ మ్యాన్," అంది.

లోపల నోరు మూతపడింది. బయట ఉలి పైకి లేచింది. అమ్మాయి మళ్ళీ లాప్‌టాప్ ముందుకి పరుగెత్తింది.

మాస్టారు చెమటలు కక్కుకుంటూ బయటపడేసరికి, అమ్మాయి లాప్‌టాప్ మూసి కళ్ళు తుడుచుకుంటోంది.

"నా వల్లే పోయిందా తల్లీ?"

"వచ్చింది నాన్నా. వాళ్ళు అంతా విన్నారట. తలుపుకి అటొకరు ఇటొకరు అలిగితే సర్దిచెప్పినదానివి, మా కస్టమర్లు నీకో లెక్కా అన్నారు."

మాస్టారికి పోయిన ప్రాణం లేచొచ్చింది. ప్రాణంతోపాటు అలవాటూ వచ్చింది. "మరి నీ ఇంగ్లీషు గురించి ఏమన్నారు?"

"నాది పరవాలేదట. లోపల అరిచినాయనకి మాత్రం కాస్త కోచింగ్ ఇప్పించమన్నారు."

మాస్టారు తువ్వాలుతో చెమట తుడుచుకున్నారు. ఆ తర్వాత భార్యను కాఫీ అడిగారు, తెలుగులో.