సైగల భాష, మొదటి భాగం, ఉచితం

వయోజనులు ఏ వయసులోనైనా, ఏ విషయాన్నైనా, దమ్మిడీ ఖర్చు లేకుండా నేర్చుకోవచ్చునని, కాకపోతే మొదటి భాగం వరకే నేర్చుకోవచ్చునని ఉచిత ప్రారంభ విద్యా మండలి తీర్మానించి చాలాకాలమైంది. ఈ తీర్మానం వల్ల సమాజానికి జరిగిన మేలు ఇంతా అంతా కాదు. మండలివారి యాప్‌లో మూడువందల నలభై కోర్సులున్నాయి. అన్నీ పరిచయాలే. తేనెటీగల పెంపకం చేసినవారికి పెట్టె మూత తీయడం వచ్చు. ఈత చేసినవారికి నీళ్లలోకి దిగడం వచ్చు. (ఈత కోర్సు మీద ఇంతవరకు పూర్తి చేసినవారెవరూ ఫిర్యాదు చేయలేదని వార్షిక నివేదిక సగర్వంగా చెబుతోంది.)

రిటైరైన బస్సు కండక్టరొకాయన ఈ మండలిని మనస్ఫూర్తిగా నమ్మాడు. రూలు అనే మాట వినబడితే చాలు, ఆయనకు ప్రాణం లేచొస్తుంది. ముప్పై ఒక్కేళ్ల సర్వీసులో టికెట్టు లేనివాణ్ణి ఒక్క స్టాపు దూరం కూడా రానివ్వలేదు. ఒకసారి సొంత బావమరిదిని సగం దారిలో, అదీ జోరువానలో, దించేశాడు. (బావమరిది ఇప్పటికీ కనబడినవాళ్లందరికీ ఆ వాన గురించే చెబుతాడు.)

ఆయనకొక మనవరాలు, ఆరేళ్లది. రెండేళ్ల కిందట వచ్చిన జ్వరం పోతూ పోతూ పిల్ల వినికిడిని వెంట తీసుకుపోయింది. ఇప్పుడది వేరే బడికి వెళ్తోంది, చేతులతోనే గలగలా మాట్లాడేస్తోంది. దాని తల్లి, అంటే కండక్టరు కూతురు, బేకరీలో పని ముగించుకుని ఇల్లు చేరేసరికి ఏడవుతుంది. నాలుగు నుంచి ఏడు దాకా పిల్ల తాతయ్య దగ్గరే. ఆ మూడు గంటలూ దానితో నాలుగు మాటలు మాట్లాడాలన్నది ఆయన కోరిక. బడిలో పెద్దవాళ్లకు శనివారం క్లాసుంది గానీ, అది తల్లిదండ్రులకు మాత్రమే. తాతలు ఆ నిర్వచనంలోకి రారని గుమాస్తా రూల్సు పుస్తకం తిప్పి మరీ చూపించాడు. కండక్టరు తాతయ్య ఆ పేజీని మెచ్చుకుని, ఇంటికొచ్చి యాప్ తెరిచాడు.

‘పెద్దలకు సైగల భాష: పరిచయం’ పన్నెండు గంటల కోర్సు. అందులో తొమ్మిది గంటలు మండలి చైర్మన్ గారు సైగల భాష ప్రాముఖ్యం గురించి నోటితో మాట్లాడారు. మిగతా మూడు గంటల్లో నాలుగు వాక్యాలు నేర్పారు. హలో. నా పేరు ఫలానా. మిమ్మల్ని కలవడం సంతోషం. ఈరోజు వాతావరణం బాగుంది. టికెట్లు చింపి చింపి బిరుసెక్కిన వేళ్లతో తాతయ్య బీరువా అద్దం ముందు నెల్లాళ్లు సాధన చేశాడు. పరీక్షలో పదికి పది వచ్చాయి. బంగారు అంచున్న సర్టిఫికెట్టు ఫ్రేము కట్టించి హాల్లో తగిలించాడు.

మర్నాటి నుంచి నాలుగింటికి పిల్ల గుమ్మంలో అడుగు పెట్టగానే నాలుగు వాక్యాలూ వరసగా చెప్పేవాడు. మొదటిరోజు పిల్ల ఎగిరి గంతులేసింది. రెండోరోజు నవ్వింది. మూడోవారం వచ్చేసరికి మొహం చిన్నబుచ్చుకుని చేతులతో ఏదో అడగడం మొదలుపెట్టింది. రోజూ అదే ప్రశ్న. తాతయ్య తనకు వచ్చినదాంట్లోంచి ఏరి, వాతావరణం బాగుందని జవాబిచ్చేవాడు. (ఆ వారమంతా ముసురు.)

"రోజూ ఏదో అడుగుతోందమ్మా, నాకేం పాలుపోవట్లేదు. కాస్త కనుక్కో," అన్నాడు ఒకరోజు కూతురు రాగానే.

కూతురు పిల్ల ఎదురుగా కూర్చుని దాని చేతులు చూసింది. చూసి తలొంచుకుంది.

"చెప్పవే!"

"తాతయ్య రోజూ నాకు తన పేరెందుకు చెప్తాడు, నేనెవరో మరిచిపోతున్నాడా అంటోంది నాన్నా. అదేం లేదని చెప్పాను. నమ్మినట్టు లేదు."

తాతయ్యకు మనవరాలు తనను జాలిగా చూస్తోందని అప్పుడు తెలిసింది.

"నేను నేర్పుతా నాన్నా. పడుకోబోయే ముందు రోజుకు పది మాటలు. ఎంతసేపు?"

"ఎలా కుదురుతుంది? మండలి గుర్తింపు లేనివాళ్ల దగ్గర నేర్చుకుంటే మొదటి భాగం కూడా రద్దని నియమావళిలో రాశారు."

"రద్దయితే ఏమవుతుంది?"

"టికెట్టు లేకుండా ఎక్కినట్టవుతుంది."

"ఇది బస్సు కాదు నాన్నా, నా కూతురు."

"రేపే ఫోన్ చేసి రెండో భాగం పెట్టిస్తాగా!"

అన్నమాట ప్రకారం పొద్దున్నే ఫోన్ చేశాడు. నలభై నిమిషాల సంగీతం తర్వాత అభ్యాసకుల సంతృప్తి శాఖ ఉప అధికారి లైన్లోకి వచ్చాడు.

"రెండో భాగం ఉందండీ. ఇంతవరకు ఎవరూ అడగలేదు గానీ, ఉంది. మీకొక అభ్యాస భాగస్వామి కావాలి. మీరు ఎవరితో మాట్లాడదలచుకున్నారో వారే. వారు కూడా మా మొదటి భాగం పాసై ఉండాలి."

"మా మనవరాలండీ. దానికి భాషంతా వచ్చు."

"వచ్చా అని కాదండీ, పాసయ్యారా? వారి వయసు?"

"ఆరు."

"మావి వయోజనుల కోర్సులు కదండీ. పద్దెనిమిది నిండాలి. అంటే ఇంకో పన్నెండేళ్లు. మీ వయసెంత?"

"డెబ్భై ఒకటి."

"అభ్యాసకుడికి పై వయోపరిమితి ఏమీ లేదండీ. ఆ విషయంలో మీరు నిశ్చింతగా ఉండొచ్చు."

అంతా రూలు ప్రకారమే జరిగింది. అందుకు తాతయ్య అలవాటు కొద్దీ సంతోషించబోయాడు గానీ, ఎందుకో ఏడుపొచ్చింది. సీటు రిజర్వు చేయించుకుని ఫోన్ పెట్టేశాడు. (ఈలోగా ఆగలేనివారికి ‘సహనం: పరిచయం’ అనే కోర్సు సిఫార్సు చేస్తూ మెసేజి వచ్చింది.)

ఆరోజు నాలుగింటికి గుమ్మం దగ్గర మళ్లీ చేతులెత్తాడు. ఇంకేం చేస్తాడు? హలో. నా పేరు...

ఈసారి మనవరాలు చిన్నబుచ్చుకోలేదు. బ్యాగు కింద పెట్టి, ఆయన్ని చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి కుర్చీలో కూర్చోబెట్టింది. ఎదురుగా నిలబడి, జబ్బుపడ్డవాళ్లకు నచ్చజెప్పినట్టు నెమ్మదిగా, ఒక్కొక్క వేలూ విడదీసి చూపిస్తూ చెప్పింది: హలో. నా పేరు ఇది. మిమ్మల్ని కలవడం సంతోషం. నేను నీ మనవరాల్ని.

చివరి వాక్యం తప్ప తాతయ్యకు అంతా అర్థమైంది. ‘మనవరాలు’ అన్న మాట రెండో భాగంలో ఉంది.