క్యాలెండరుండగా గడియ దేనికి?

మీ ఆఫీసులో బాత్‌రూమ్ తలుపుకి లోపలి గడియ ఉందా? ఉందా! అయ్యో పాపం! ఇంకా ఏ కాలంలో ఉన్నారండీ మీరు?

అసలు గడియ అంటే ఏమిటి? ఒక ఇనప ముక్క. దానికి పాస్‌వర్డ్ లేదు. నోటిఫికేషన్ రాదు. లోపలికి ఎవరు వెళ్ళారో, ఎంతసేపుంటారో పదిమందికీ తెలియజేసే సంస్కారం అసలే లేదు. ఇలా వేసుకోవడం, అలా తీసుకోవడం! నాగరికత అంత తేలిగ్గా ఉండకూడదని నా అభిప్రాయం. మా కార్ఖానాలో గడియ ఊడిపోయిన చోట మేం ఏకంగా ఈమెయిలు, క్యాలెండరు, డాక్యుమెంట్లు అన్నీ ఇంటర్నెట్లోనే నడిచే మహా వ్యవస్థని బిగించుకున్నాం. ఆ భోగం మీకూ దక్కాలనే ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాను.

ఇలాంటివి రాయడానికి నీకేం అర్హత ఉందయ్యా అంటారా? నేను చదివింది పల్లెటూరి బడి. ఈమెయిలు మాకు అప్పట్లోనే ఉండేది! ఎక్కం తప్పు చెప్పినవాడి పేరు మా మాస్టారు ఒక్క కేక పెట్టి పిలిచారంటే, అది పొలంలో ఉన్న వాళ్ళ నాన్నకి అక్షరం పోకుండా అందేది. పక్క ఊరి బడిలో అదే పేరున్నవాడు లేచి నిలబడి ఎక్కం అప్పజెప్పేసేవాడు. అటుగా పోతున్న ఎడ్లబండి ఆగిపోయేది. 'రిప్లై ఆల్' అంటే ఏమిటో నాకు ఒకరు నేర్పాలా?

తరవాత పిల్లల బడి సంచులు కుట్టే కార్ఖానాలో కట్టింగ్ మాస్టర్‌గా చేరాను. రిటైరయ్యాను కూడా. అయితే కుర్చీ ఖాళీ చెయ్యలేదు, అది ఫ్యాను కింద ఉంది మరి! "పెద్దాయన, కూర్చోనీ" అని వాళ్ళూ వదిలేశారు.

మా కుట్టు హాలుకి పెత్తనం మా మరదలిది, అంటే మా ఆవిడ చెల్లెలు. చేతికింద బోలెడుమంది ఆడవాళ్ళు. మొత్తం కార్ఖానాకి బాత్‌రూమ్ ఒక్కటే. జిప్పుల అట్టపెట్టెలు దాటుకుని, వెనక వసారా చివరికి వెళ్ళాలి. దాని గడియ తుప్పుపట్టి ఒకనాడు ఊడి చేతికొచ్చేసింది.

ఆనాటి నుంచి ఆడవాళ్ళు జంటలుగా వెళ్ళడం మొదలుపెట్టారు. ఒకరు లోపల. ఒకరు బయట తలుపుకి వీపు ఆనించి కాపలా. లోపలినుంచి "ఉన్నావా?" అని వినిపిస్తుంది. "ఉన్నాలేవే, కానీ!" అని బయటినుంచి జవాబు. ఎంత అన్యోన్యత! ఏ గడియ తేగలదండీ ఇంత స్నేహాన్ని? జోడీ దొరకని వాళ్ళు ఇంకో ఉపాయం కనిపెట్టారు. పొద్దున్నుంచీ నీళ్ళు తాగడం మానేశారు. హాల్లో మూల నీళ్ళ డ్రమ్ము సాయంత్రం దాకా నిండుకుండలా ఉండేది. వచ్చిపోయేవాళ్ళు చూసి, "మీవాళ్ళు ఎంత పొదుపండీ!" అని మెచ్చుకునేవారు.

ఒకరోజు మా మరదలు కార్ఖానా ప్రెసిడెంటు గారిని వసారాలో పట్టుకుంది.

"సార్, ఆ తలుపుకి గడియ పెట్టించండి సార్."

"తప్పకుండానమ్మా! ఒక మెయిల్ పెట్టు."

"ఇప్పుడు చెబుతున్నా కద సార్, మీరు వింటూనే ఉన్నారుగా?"

"వినడం వేరు, అందడం వేరమ్మా!"

చూశారా, ఎంత లోతైన మాటో! చిక్కల్లా ఎక్కడొచ్చిందంటే, మా సంస్థకి మెయిల్ అనేదే లేదు. ప్రెసిడెంటు గారి మెయిల్ వాళ్ళమ్మాయి చూసేది. స్టోర్ కీపర్‌కి మెయిలొస్తే వాళ్ళ బామ్మర్ది ఫోన్ చేసి చెప్పాలి. అకౌంటెంటు తన పాస్‌వర్డ్ ఎక్కడ మరిచిపోయాడో అది కూడా మరిచిపోయాడు. కాబట్టి గడియ కావాలంటే మెయిల్ కావాలి. మెయిల్ కావాలంటే మంచి వ్యవస్థని ఎంచుకోవాలి. ఎంచుకోవాలంటే కమిటీ వెయ్యాలి. వేశారు. ప్రెసిడెంటు, అకౌంటెంటు, స్టోర్ కీపర్, తెల్లజుట్టు కోసం నేను.

"మరి మీ మరదలిని వెయ్యలేదేం?" అని మీరడుగుతారు. ఆవిడకి కుట్టుపని ఉంటుంది కదండీ!

మాకు దారి చూపించడానికి ఒక నిపుణుణ్ణి పిలిపించారు. నోరు తెరిస్తే స్లయిడు వేసేవాడు గనక ఆయనకి 'స్లయిడ్లాయన' అనే పేరు స్థిరపడింది. ఆయన మూడు కంపెనీల సరుకు తెచ్చి చూపించాడు. ఎన్ని స్లయిడ్లు! మొదటి స్లయిడుకి నున్నగా గీసుకున్న నా గడ్డం ఆఖరి స్లయిడు నాటికి గుండీల దాకా పెరిగిందంటే నమ్మండి.

"మరి మన ఉత్తరాలన్నీ ఎక్కడుంటాయి?" అనడిగాడు అకౌంటెంటు.

"ఎక్కడో సముద్రాల అవతల, పెద్ద పెద్ద చల్లటి భవనాల్లో."

"నేను ఈ బల్ల మీంచి ఆ బల్లకి పంపితే?"

"అక్కడికి వెళ్ళి వస్తుందండీ!"

నా కళ్ళు చెమర్చాయి. నేను పుట్టి బుద్ధెరిగి పక్క జిల్లా దాటలేదు. నేను రాసిన "టీ వచ్చిందా?" మాత్రం ఏడు సముద్రాలు చుట్టి, చల్లగాలి పీల్చుకుని, మూడడుగుల అవతల కూర్చున్న స్టోర్ కీపర్ దగ్గర వాలుతుంది! ఆ వాలే లోపల టీ చల్లారదా అంటారా? చల్లారితే చల్లారింది. విదేశాలు చూసొచ్చిన ప్రశ్న అది!

మూడూ వాడి చూశాకే ఎంచుకోవాలన్నారు. న్యాయమే కదా! కుట్టు హాలుకి మొదటిది, స్టోరుకి రెండోది, ఆఫీసుకి మూడోది పెట్టారు. దాంతో ఒకరి క్యాలెండరు ఒకరికి కనబడదు, ఒకరి డాక్యుమెంటు ఒకరికి తెరుచుకోదు. కార్ఖానాలో ఎంత ప్రశాంతత! మావాళ్ళు హాల్లోంచి "దారం అయిపోయింది" అని పంపితే స్టోరుకి అందేది కాదు. స్టోరువాళ్ళు హాయిగా కూర్చునేవారు. ఆ నెల కుట్టిన సంచులకి ఒక పట్టీయే ఉండేది. అదే కొత్త ఫ్యాషనని ఊరంతా ఎగబడి కొన్నారు. కావాలంటే మీరూ అడిగి చూడండి, లేదనే చెబుతారు. అందరూ అసూయపరులు.

మూడింట్లో ఏది మెరుగో తేల్చడానికి పట్టిక ఒకటి తయారుచేశాం, మూడు చోట్లా తెరుచుకునేలా స్లయిడ్లాయన ప్రత్యేకంగా పెట్టిన, అందరూ ఒకేసారి రాసుకోగలిగే డాక్యుమెంటులో. "మన సంస్థలో దాపరికం ఉండకూడదు. ఎవరైనా ఏదైనా మార్చుకోవచ్చు. డాక్యుమెంటు గానీ, క్యాలెండరు గానీ!" అని ప్రెసిడెంటు గారు ఆర్డరు వేశారు. ఈ మాట కాస్త గుర్తుపెట్టుకోండి, తరవాత పనికొస్తుంది.

అకౌంటెంటు "బాగుంది" అని రాస్తే స్టోర్ కీపర్ దాన్ని ఎర్రరంగు చేసేవాడు. ఆయన ఎరుపుని ఈయన నీలం చేసేవాడు. ఉండబట్టలేక మా మరదలు ఆ రంగుల మధ్య ఒక చిన్న వాక్యం దూర్చింది: "బాత్‌రూమ్ తలుపుకి గడియ కావాలి." దాని పక్కన కామెంట్లు మొదలయ్యాయి. ఏ తలుపు? ఇత్తడా, ఇనుమా? గడియ అన్న మాట మన సంస్థ గౌరవానికి తగినట్టుందా? ప్రెసిడెంటు గారు బొటనవేలు బొమ్మ పెట్టారు. అందరూ బొటనవేళ్ళు పెట్టారు. అన్ని వేళ్ళున్నా ఒక్క మేకు దిగలేదు చూడండి!

చివరికి ఒక శుభముహూర్తాన రెండో కంపెనీది ఖాయమైంది. దేనికంటారా? ప్రెసిడెంటు గారి అల్లుడి ఆఫీసులో అదే వాడతారట. ఈ ముక్క మొదటిరోజే తెలిసి ఉంటే నేను అంత గడ్డం పెంచుకోవాల్సిన అవసరమే ఉండేది కాదు.

అంతా కుదురుకున్నాక మా మరదలు మళ్ళీ లేచింది. ఈసారి పద్ధతిగా, మెయిల్ పెట్టి మరీ లేచింది. "ఇప్పుడు అందింది కదా సార్?"

అప్పుడు వెలిగిందండీ స్లయిడ్లాయన బుర్ర!

"అమ్మా, గడియ దేనికి? మన క్యాలెండర్లో గదులు బుక్ చేసుకునే సదుపాయం ఉంది. దాన్ని కూడా గదిగా చేరుద్దాం. కావలసినవాళ్ళు బుక్ చేసుకుంటారు. బుక్కయినట్టు మిగతావాళ్ళకి కనబడుతుంది. ఇక ఎవరొస్తారు?"

అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను, పక్కవాడు కొడుతున్నాడని. మీటింగ్ హాలు, సరుకు గది అన్న పేర్ల కింద 'వెనక గది' అన్న పేరు చేరింది. గడియ ఫైలు మూసేశారు.

ఆహా, ఆ తరవాత రోజులు! అవసరం తోస్తే ముందు ఫోను తియ్యాలి. తేదీ, వేళ నొక్కాలి. "ప్రతిరోజూ ఇదే వేళకా?" అని అడుగుతుంది. అడుగుతుందండీ, ఎంత శ్రద్ధ! ప్రెసిడెంటు గారైతే పదిన్నరకి 'అవును' నొక్కేశారు. బుక్ చెయ్యగానే వీడియో కాల్ లింకు దానంతటదే జతపడుతుంది, రాలేనివాళ్ళు ఇంటినుంచి పాల్గొనడానికి. పది నిమిషాల ముందు హాలంతా ఫోన్లు గణగణ మోగుతాయి. మిషన్లన్నీ టక్కున ఆగుతాయి. ఎవరి వంతో ఆ పిల్ల సిగ్గుతో సగమై లేస్తుంది. ఇద్దరికి ఒకే వేళ కావాలంటే "మీ ఇద్దరికీ వీలైన సమయం గురువారం" అని సలహా ఇస్తుంది. మిషన్ల మెకానిక్ కడుపు పట్టుకుని, "గురువారం దాకానా? బాబోయ్, నా కడుపుకి చదువు రాదండీ!" అంటూ పరిగెత్తాడు. క్రమశిక్షణ లేని మనిషి!

ఆడవాళ్ళు మాత్రం బుక్ చేసుకుని కూడా జంటలుగానే వెళ్ళేవారు. పాత అలవాటు. డ్రమ్ములో నీళ్ళు అలాగే ఉండేవి. హాల్లో ఒక కుర్రదానికి కళ్ళు తిరిగి మిషను మీదే వాలిపోయింది. డాక్టరు వచ్చి, "నీళ్ళు తాగవేమ్మా?" అని అడిగింది. ఆ పిల్ల మా మరదలి వంక చూసింది. మా మరదలు క్యాలెండరు వంక చూసింది.

ఆ సాయంత్రం నా కుర్చీ దగ్గరికొచ్చింది.

"బావా, అన్ని నెలలు కమిటీలో కూర్చున్నావు కదా. ఒకరు బుక్ చేసుకున్న దాంట్లోకి ఇంకొంతమందిని పిలవాలంటే ఎక్కడ నొక్కాలి?"

"ఎందుకే?"

"ఊరికే. చదువుకున్నవాడివని అడిగాను."

నన్ను చదువుకున్నవాడనడం ఇదే మొదలు! ఆ మురిపెంలో నేనే ఆ బటన్ చూపించానని మీతో ఎవరైనా అంటే నమ్మకండి.

మర్నాడు పొద్దున్న కమిటీలో మిగతా మా ముగ్గురి ఫోన్లూ మోగాయి. 'ప్రెసిడెంటు గారు మిమ్మల్ని ఆహ్వానిస్తున్నారు. పదిన్నరకి. వెనక గది.' వస్తారా, రారా, చెప్పలేరా?

ప్రెసిడెంటు గారు పిలిస్తే రానని నొక్కేంత ధైర్యం స్టోర్ కీపర్‌కి వాళ్ళ తాతల నాటినుంచీ లేదు. 'వస్తాను' నొక్కేశాడు. చొక్కా సర్దుకున్నాడు. అకౌంటెంటు చంకలో ఫైళ్ళతో తయారయ్యాడు.

"వెనక గది అంటే... అదే కదండీ?" అన్నాడు వసారాలో నడుస్తూ.

"పెద్దవాళ్ళు ఎక్కడ పెడితే అక్కడే మీటింగు! వేళ దాటిపోతోంది, పదండి!" అన్నాడు స్టోర్ కీపర్.

నాకు మోకాళ్ళ నొప్పులు. జిప్పుల పెట్టెల దగ్గరే ఆగిపోయాను. అక్కణ్ణుంచి బాగా కనబడుతుంది కూడా.

స్టోర్ కీపర్ మర్యాదస్తుడు. తలుపు తట్టాడు. లోపలినుంచి ఏదో దగ్గు వినబడింది. దాన్ని 'రమ్మ'న్నట్టే లెక్కవేసుకుని తోశాడు. తలుపు బార్లా తెరుచుకుంది.

"సార్, ఎజెండా ఏమిటి సార్?"

ఆ కేక! మా మాస్టారు కేక మళ్ళీ ఇన్నాళ్ళకి విన్నాను. పక్క వీధిలో ఎవడో లేచి ఎక్కం అప్పజెప్పే ఉంటాడు.

ఇక అప్పుడు చూడాలి మా సంస్థ వేగం! మెయిల్ లేదు. డాక్యుమెంటు లేదు. బొటనవేలు లేదు. ప్రెసిడెంటు గారు తువ్వాలు భుజాన వేసుకుని ఎదురుగా ఉన్న ఇనప సామాన్ల కొట్టుకి స్వయంగా నోటితో కేకేశారు. మధ్యాహ్నం భోజనాల గంట కొట్టకముందే కింద ఒకటి, పైన ఒకటి, నిగనిగలాడే ఇత్తడి గడియలు! మెకానిక్ బిగిస్తుంటే ఆయనే పక్కన నిలబడి మరలు అందించారు. అన్ని నెలలపాటు అంతమంది ఆడవాళ్ళ నోటినుంచి వచ్చి ఎక్కడా అందని మాట, ఒక్క మగవాడి మీద తలుపు తెరుచుకోగానే అందిపోయింది! ఇప్పుడు చెప్పండి, క్యాలెండరు మంచిదా కాదా?

తరవాత విచారణ జరిపారు. ఆ పేర్లు ఎవరు చేర్చారో స్లయిడ్లాయన తవ్వి తీశాడు. కుట్టు హాలు కంప్యూటరు నుంచే, హాలంతా వాడే ఖాతాలోంచే. ఎవరైనా ఏదైనా మార్చుకోవచ్చని ప్రెసిడెంటు గారు వేసిన ఆర్డరు మీకు గుర్తుంది కదా?

"మాకేం తెలుసు సార్? సంచులు కుట్టుకునేవాళ్ళం" అంది మా మరదలు. మిషన్లన్నీ ఒక్కసారిగా జోరందుకున్నాయి.

అయితే గడియ పెట్టాక నేను భయపడినంతా జరిగింది. కాపలా పోయింది. "ఉన్నావా?", "ఉన్నాలేవే" అన్న స్నేహం పోయింది. అన్నిటికన్నా ఘోరం, హాల్లో నీళ్ళ డ్రమ్ము మధ్యాహ్నానికే అడుగంటిపోతోంది! ఇంత దాహం ఎక్కడ దాచుకున్నారో ఈ ఆడవాళ్ళు!

నిన్న మా మరదలు ప్రెసిడెంటు గారిని వసారాలో పట్టుకుంది.

"సార్, ఇంకో డ్రమ్ము కావాలి సార్."

"తప్పకుండానమ్మా! ఒక మెయిల్ పెట్టు."

మా మరదలు చిరునవ్వు నవ్వి, ఫోను తీసి, క్యాలెండరు తెరిచింది.

డ్రమ్ము ఇందాకే వచ్చిందండీ. పెద్దది.