ముళ్లు లేనిదే ముళ్లపంది

ఒక పెద్ద అడవిలో, అందరికీ తిండి దొరికి ఎవరికీ పనిలేకుండా పోయిన ఒక చలికాలంలో, నక్క జంబయ్య సింగారం ఆట మొదలుపెట్టాడు.

ఆట సులువే. పొద్దున్నే కాకి చెట్టుచెట్టుకీ తిరిగి ఆ రోజు వేషం ఏమిటో అరుస్తుంది. "వానలో పెళ్లికూతురు!" అనో, "సంతకెళ్లే దొరసాని!" అనో. సాయంత్రానికి అందరూ ఆకులూ ఈకలూ తగిలించుకుని మడుగు దగ్గర రాతిమెట్ల మీద నిలబడతారు. నచ్చినవాళ్ల ముందు మిగతావాళ్లు గురిగింజ వేస్తారు. గింజలు ఎక్కువ పడితే మర్నాడు పై మెట్టు.

ముళ్లపంది సూదమ్మ ఆ ఆటని లెక్కచేయలేదు. దుంపలు తవ్వుకోవడానికే ఆమెకి పొద్దు చాలదు. ఆటలో పడింది ఆమె కూతురు చిగురు.

"అమ్మా, వీపు మీద కాస్త నాచు పెట్టవే."

"ఎందుకే?"

"చెప్పినా నీకర్థం కాదు."

ఆ మాట విన్నాక ఏ తల్లయినా ఏం చేస్తుంది? పెట్టబోయింది. నాచు కింద చేతికి ఏదీ గుచ్చుకోలేదు. నాచు తీసి చూసింది. కూతురి వీపు బోడిగా ఉంది.

"ముళ్లేవే?"

"చేబదులిచ్చాను. కుందేలు పిన్నికి, కోతి మామకి, ఎలుగు పెదనాన్నకి... అందరికీ. ఈ ఋతువులో ముల్లు లేని వేషానికి సగం గింజలే వెయ్యాలట. జంబయ్య మామ పెట్టిన రూలు. ముల్లిచ్చినందుకు వాళ్లంతా నాకు గింజలేస్తారు. నాలుగో మెట్టు మీదున్నానమ్మా!"

"మరి నీకు?"

"ఋతువు అవగానే ఇచ్చేస్తారుగా."

సూదమ్మ చేతిలోని నాచు విసిరికొట్టింది. చిరుత తిరిగే అడవి. ముళ్లపందికి ముళ్లు తప్ప పరిగెత్తే కాళ్లూ లేవు, ఎక్కే చెట్టూ లేదు.

తిన్నగా కుందేలు ఇంటికి వెళ్లింది.

"చెల్లీ, పిల్ల ముల్లు ఇచ్చెయ్యవమ్మా."

"అయ్యో, నాకేం బరువా అక్కా? ఆట ఒప్పుకోదే! ఋతువు అయ్యేదాకా చేబదులు సరుకు తిరిగివ్వకూడదట." అంటూనే కుందేలు ముల్లుని చెవి వెనక్కి సర్దుకుంది. "ఇలా బాగుందా, కొంచెం పక్కకి పెట్టనా?"

సూదమ్మ జంబయ్య దగ్గరికి వెళ్లింది.

"వెనక్కి అడగొచ్చమ్మా, ఎందుకు అడగకూడదు? అయిదో మెట్టు ఎక్కినవాళ్లకి ఆ హక్కుంది."

"ఎక్కాలంటే?"

"ఆడాలి."

"ఆడాలంటే?"

"ముందు ఇరవై వేషాలకి గింజలు వెయ్యాలి. అప్పుడు నువ్వొకసారి నిలబడొచ్చు."

"ఈ ఋతువు ఎప్పుడవుతుంది నాయనా?"

"అయిపోవచ్చింది తల్లీ," అన్నాడు జంబయ్య. అడవిలో అప్పటికే చలి పోయి ఎండలు మొదలవుతున్నాయి, ఆట ఋతువు మాత్రం అవలేదు.

సరే, ఆడింది. ఇరవై వేషాలకి గింజలు వేసింది. మొదటి మూడూ చూసి వేసింది, మిగతావి అందరిలాగే చూడకుండా వేసింది. నిలబడితే మూడు గింజలు వచ్చాయి. అందులో ఒకటి కోతి పొరపాటున వేసింది.

మర్నాడు రాతి మీది పాచి ఒలిచి శాలువా చేసుకుని నిలబడింది. నలభై గింజలు!

"అక్కా, నీలో ఇంత ఉందని అనుకోలేదు సుమా," అంది కుందేలు.

ఆ పూట సూదమ్మ దుంపలు తవ్వలేదు. శాలువాకి అంచు ఇంకో జానెడు దించితే ఎలా ఉంటుందా అని ఆలోచిస్తూ ఇల్లు చేరింది.

"అమ్మా, ఆకలి," అంది చిగురు.

అప్పుడు గుర్తొచ్చింది, తను ఆటకెళ్లింది ముళ్ల కోసమని. సిగ్గేసింది. సిగ్గేసినా మర్నాడు అంచు దించే వెళ్లింది.

ఎలాగో అయిదో మెట్టు ఎక్కింది. జంబయ్య చల్లగా నవ్వాడు. "నిన్నటితో ఆ రూలు మారిందమ్మా. ఇప్పుడు ఏడో మెట్టు."

మెట్లు ఉన్నవే ఆరు.

మర్నాడు పొద్దున్నే అదేదో తేల్చుకుందామని నక్క బొరియకి వెళ్లింది సూదమ్మ. బొరియ ముందు చిరుత గొంతు వినిపించి పొద వెనకే ఆగిపోయింది.

"ముళ్లపంది జోలికి నన్ను లాగకు జంబయ్యా. పోయినేడు పంజాలో దిగిన ముల్లు ఇంకా సలుపుతోంది."

"ముళ్లుంటే కదా దొరా! ఆటపేరు చెప్పి పిల్లదాని వీపు మీదవన్నీ ఊడబెరికించాను. రేపు సాయంత్రం మడుగు దగ్గరికి రండి. అక్కడ అందరికీ ముళ్లుంటాయి. ముళ్లు లేనిదేదో అదే ముళ్లపంది. కళ్లు మూసుకుని పట్టండి. నాకు ఎముకలు చాలు."

"గుర్తు తప్పదుగా?"

"తప్పితే నన్నడగండి."

సూదమ్మ ఇంటికి ఎలా వచ్చిందో ఆమెకే తెలియదు.

"రేపు వెళ్లొద్దే చిగురూ. చిరుత వస్తోంది."

"దుంప తినకపోయినా చిరుతే, పడుకోకపోయినా చిరుతే. నన్ను ఆపడానికి నీకు ఇంకో జంతువు దొరకదా అమ్మా? రేపు చివరి మెట్టు. వెళ్లకపోతే ఎక్కినవన్నీ పోతాయి."

నిజమే. ఇన్నాళ్లూ ప్రతిదానికీ చిరుతనే తెచ్చింది. ఇప్పుడు నిజం చిరుత వస్తే నమ్మించడానికి మాట మిగల్లేదు. ఇంట్లో మూసిపెడితే గోడ తవ్వుకుని పోతుంది. తవ్వడం నేర్పింది తనే.

"సరే, వెళ్దువుగానీ," అంది. "వేషం మాత్రం నేనేస్తాను. కూర్చో."

తుమ్మజిగురు తెచ్చింది. తన వీపు మీది ముల్లు ఒకటి పీకి పిల్ల వీపుకి అతికించింది. తర్వాత ఇంకోటి. ఇంకోటి.

"నొప్పిగా లేదూ?"

"మాట్లాడకు. కదులుతాయి."

వరసలు వరసలుగా అతికించింది. చివరికి తనకి మెడ మీద ఒక్క వరస మిగిలింది.

మర్నాటి వేషం 'వీరుడు'. మడుగు దగ్గర వీరులు కానివాళ్లు లేరు. కుందేలు చెవులకి ముళ్లు. కోతి తోకకి ముళ్లు. ఎలుగు కూర్చోలేక నిలబడే ఉంది. చిగురు నిగనిగలాడుతూ పై మెట్టు మీద నిలబడింది. సూదమ్మ గింజ వేసే వంకతో ఆమె పక్కనే నిలబడింది.

పొద్దు వాలుతుండగా పొదలు కదిలాయి.

చిరుతని చూసి అందరూ బిగుసుకుపోయారు. అది తొందరపడలేదు. ఒక్కొక్కరినీ చూసుకుంటూ నడిచింది. కుందేలు, ముళ్లు. కోతి, ముళ్లు. చిగురు దగ్గర ఆగి వాసన చూసింది. సూదమ్మ మెడ మీద మిగిలిన ఒక్క వరసనీ నిక్కించింది. ముల్లొకటి ముక్కుకి తగిలి చిరుత చటుక్కున వెనక్కి తగ్గింది.

ఎదురుగా, రోజూ గింజలు లెక్కపెట్టే తీర్పురాయి మీద, శుభ్రంగా దువ్వుకుని జంబయ్య నిలబడి ఉన్నాడు. ఆట పెట్టినవాడు కదా, ఏనాడూ వేషం వేసినవాడు కాదు. అంత మందిలో ముల్లు లేనివాడు అతనొక్కడే.

"దొరా, నేను!"

"నువ్వంటే ఎవరు?"

"జంబయ్యని! నక్కని!"

"ముళ్లు లేనిదే ముళ్లపంది అన్నావుగా."

"అన్నాను గానీ... అది నేను కాదు దొరా! ఈ మొహం చూడండి!"

చిరుత తల పక్కకి వంచి చూసింది.

"నక్క వేషం బాగా కుదిరింది," అని మెచ్చుకుని, దూకింది.

జంబయ్య మడుగులో పడి, అవతలి గట్టెక్కి, పరుగు. వెనక చిరుత. రెండూ ఏ కొండ దాటాయో ఎవరూ చూడలేదు.

కుందేలు చెవి వెనక ముల్లు సర్దుకుంది. "ఇంతకీ ఇవాళ గింజలు వేసేదా, వద్దా?"

"ముళ్లు ఇచ్చెయ్యి చెల్లీ," అంది సూదమ్మ.

"ఇప్పుడా అక్కా! అవి ఉండబట్టేగా బతికాను!"

ఎవరూ ఇవ్వలేదు. ఎలుగు మాత్రం ఒకటి ఇచ్చింది, విరిగినది.

చిగురు వణుకుతుంటే అతికించిన ముళ్లు గలగలమంటున్నాయి.

"అమ్మా, నిజంగా వచ్చింది."

"ఊఁ."

"నీ ముళ్లు..."

"మొలుస్తాయి. పద."

ఇది విన్నవాళ్లు నేర్చుకోవలసింది ఒక్కటే: ఊరందరికీ వేషం కట్టించేవాడు ఒక్క పూటయినా సొంత మొహంతో నిలబడకూడదు.