పెరటి తలుపు, చెంగయ్య శెట్టి కారు

తిరుపతిలో అతన్ని అందరూ ‘సూస్తాంలే వెంకటముని’ అనేవారు. పెరటి తలుపు గడియ వానలకు బిగుసుకుపోతోందని భార్య తిరుమలమ్మ మూడేళ్ళుగా చెబుతోంది. మూడేళ్ళుగా అతను చూస్తాంలే అంటున్నాడు. తెల్లారి లేచి, తలుపుకు భుజం ఆనించి, రవ్వంత తోసి గడియ లాగేది ఆమే.

ఆ రోజు వడ్రంగిని పిలిపించాల్సిందేనని ఆమె పట్టుబట్టింది. వెంకటముని ఒక ఎత్తు వేశాడు. అతను చెంగయ్య శెట్టి దగ్గర డ్రైవరు. రెండో ప్రపంచ యుద్ధం ముగిసి వెళ్ళిపోతూ ఒక అమెరికా దొర అమ్మిన కారును శెట్టి మద్రాసులో కొన్నాడు. దానికి క్లచ్ లేదు, గేర్లు అవే పడతాయి. శెట్టి కాలినడకన కొండకు వెళ్ళాడు, సాయంత్రం దాకా రాడు. భార్యను ఆ కారులో తిరుచానూరు దాకా తిప్పితే, గడియ సంగతి ఇంకో వానాకాలానికి వాయిదా.

దారిలో రైలు గేటు దగ్గర మిట్ట ఉంది. ముందు చక్రాలు పట్టాలు ఎక్కగానే ఇంజను ఆగిపోయింది. మళ్ళీ కదలించబోతే చప్పుడు లేదు. వెనక్కి పోదామని గాభరాగా గేరు రాడ్డును రివర్సులోకి లాగాడు. ఇంజను ఆగినప్పుడు అలా పెడితే చక్రాలు బిగుసుకుంటాయని శెట్టి చెప్పే ఉన్నాడు. చూస్తాంలే అనుకున్నాడు.

గేటు కాసే మునెయ్య పరుగెత్తుకొచ్చాడు. రేణిగుంటలో రైలు బయల్దేరిందట. ఎర్రజెండా చూపి నిలపగలడట, కానీ కారు ఎవరిదో రాసి పై అధికారులకు పంపాలట. శెట్టి చెవిన పడితే వెంకటముని ఉద్యోగం ఊడినట్టే.

దారిన పోయే నలుగురు వెనక బంపరు పట్టుకుని లాగారు. రాడ్డు ఏ గేరూ లేని న్యూట్రల్లో పడితే చాలు, మిట్ట మీద నుంచి కారు అదే దొర్లుతుంది. వాళ్ళు లాగేకొద్దీ రాడ్డు ఇంకా బిగిసింది. వెంకటముని కొండ దేవుడికి ముందు మూడు కత్తెర్ల జుట్టు మొక్కాడు, తర్వాత గుండుకు పెంచాడు, ఆ తర్వాత మీసం కూడా కలిపాడు.

తిరుమలమ్మ దిగి, కొంగు దోపుకుని, కారు చుట్టూ ఒకసారి తిరిగింది.

“ముందుకు తొయ్యండబ్బా.”

“రైలు కిందికా? నీకేమన్నా పిచ్చి పట్టిందేమే?”

“మన పెరటి తలుపు మాదిరే గదా. బరువంతా గడియ మీద పడుండాది. రవ్వంత ముందుకు తోస్తే సడలతాది. నువ్వు రాడ్డు పట్టుకో సాలు.”

నలుగురూ ఆమె మాటే విన్నారు. అంగుళం తోశారో లేదో, రాడ్డు నూనె రాసినట్టు జారి న్యూట్రల్లో పడింది. ఆమె వదలమంది. కారు వెనక్కి దొర్లి పట్టాలు దిగింది. మునెయ్య గేటు మూశాడు. కాసేపటికి రైలు పోయింది.

“శెట్టి కాడ డ్రైవరు నువ్వామ్మా?” అని మునెయ్య ఆమెనే అడిగాడు.

సాయంత్రం శెట్టి వచ్చేసరికి కారు కొట్టంలో ఉంది. ఎడ్లు కట్టి లాక్కొచ్చిన సంగతి ఎడ్లకే తెలుసు.

మర్నాడు పొద్దు పొడవకముందే వెంకటముని వడ్రంగిని వెంటబెట్టుకొచ్చాడు. తిరుమలమ్మ వడ్రంగికి మజ్జిగ ఇచ్చి పంపేసింది.

“గడియ అట్లే ఉండనీలేప్పా. ఈయనకు న్యూట్రలు సేతికి రావాల. రేపట్నించి పొద్దన్నే తలుపు తీసేది ఈయనే.”

మరి ఎప్పుడు బాగుచేయిద్దామని వెంకటముని మెల్లగా అడిగాడు.

“సూస్తాంలే,” అంది తిరుమలమ్మ.