కుక్క పేరు కింద కాస్త చోటు

పేరు లేకుండా బతకడాన్ని మించిన సుఖం లోకంలో లేదు. ఊరికే అనడం లేదు. నలభై మూడేళ్ళు ఒక స్పెషల్ టీమ్స్ కోచ్‌తో కాపురం చేసి అంటున్నాను.

మీరు ఒప్పుకోరని తెలుసు. మన ఫెన్నర్‌లో బెంచీ ఇస్తే బెంచీ మీద పేరు ఉండాలి, పియానో ఇస్తే పియానో మీద పేరు ఉండాలి. మా చర్చిలో ఒకాయన చీపురు ఇచ్చి దాని కర్ర మీద కూడా పేరు చెక్కించాడు. ఇప్పుడు మెట్ల మీద దుమ్ము కనబడితే చాలు, అందరూ ఆయన్నే తలుచుకుంటున్నారు. అంత అవసరమా?

మా ఆయన లూషియస్ టార్వర్‌కి ఈ బెడద లేదు. తొమ్మిది కాలేజీల్లో పనిచేశాడు. తొమ్మిదింటిలో ఎక్కడా గోడ మీద గానీ, బెంచీ మీద గానీ, చీపురు మీద గానీ ఆయన పేరు లేదు.

ఫుట్‌బాల్ అంటాం గానీ మన ఆటలో కాలికి పనెంత? మూడు గంటల్లో బంతిని తన్నేది ఓ ఇరవై సార్లు. మిగతాదంతా చేత్తో విసరడం, చంకలో పెట్టుకుని పరిగెత్తడం, ఒకరి మీద ఒకరు పడడం. ఆ తన్నే వేళకి మాత్రమే మైదానంలోకి దిగే కుర్రాళ్ళు స్పెషల్ టీమ్స్. తన్నేవాడూ, వాడికి అడ్డు నిలబడేవాళ్ళూ, అవతలివాడు తన్నినప్పుడు మీదికి ఉరికేవాళ్ళూ వీళ్ళే. వాళ్ళని తయారుచేసేది మా ఆయన. ఆ లెక్కన ఆటకి ఆ పేరు దక్కిందే ఆయన వల్ల. కానీ సరిగ్గా అప్పుడే జనం లేచి హాట్ డాగ్ కొనుక్కోవడానికి వెళ్తారు.

బంతి సరిగ్గా పోయిందా, తన్నినవాడి గొప్ప. పోలేదా, కోచ్ తప్పు. ఓడిపోయిన జట్టులో తిలాపాపం తలా పిడికెడు అని పంచుకోవాలి కదా? మన దగ్గర అలా కాదు. ఆదివారం హెడ్ కోచ్ రేడియోలో "గెలిచినా అందరం, ఓడినా అందరం" అంటాడు. సోమవారం పొద్దున ఆ అందరి తరఫునా స్పెషల్ టీమ్స్ కోచ్ ఒక్కడే సామాను సర్దుకుంటాడు.

ఇందులో ఎన్ని లాభాలున్నాయో ఎవరైనా ఆలోచించారా? పిల్లి తన పిల్లల్ని ఏడిళ్ళు తిప్పుతుందంటారు. మా ఆయన మమ్మల్ని తొమ్మిది ఊళ్ళు తిప్పాడు. ఫ్రిజ్ వెనకాల నేను ఒక్కసారి కూడా తుడవలేదు. తుడిచే వేళకి ఫ్రిజ్ లారీలో ఉండేది. అట్టపెట్టెలు పారేసే పని లేదు. పీచ్ మొక్క నాటి, అది కాయలేదని ఏడ్చే పని లేదు. నచ్చని పొరుగువాళ్ళని రెండేళ్ళకి మించి భరించలేదు. వాళ్ళూ మమ్మల్ని భరించలేదనుకోండి.

ఇక నా సంగతి. నాకు అరవై ఎనిమిదో ఏడు దాకా చదువు రాదు. పత్తి ఏరే చేతులకి పలక దొరకలేదు. అంకెలు మాత్రం వచ్చు. మా ఆయన కుర్రాళ్ళు బంతిని ఆకాశంలోకి తన్నితే, అది ఎన్ని సెకన్లు గాల్లో ఉందో కంచె పక్కన నిలబడి స్టాప్‌వాచీతో చూసి చెప్పేదాన్ని. అక్షరాల దగ్గరే తిప్పలు. దాన్ని ఎంత తెలివిగా దాచానంటే, హోటల్‌కి వెళ్తే పక్కావిడ ఏది అడిగితే "నాకూ అదే" అనేదాన్ని. ఆ తెలివి పుణ్యమా అని, నాకు అస్సలు పడని లివర్ వేపుడు ముప్ఫై ఏళ్ళు తిన్నాను. చర్చిలో పాటల పుస్తకం తలకిందులుగా పట్టుకుని అందరికంటే గట్టిగా పాడేదాన్ని. ఎవరూ కనిపెట్టలేదనే అనుకున్నాను.

ఇక పందొమ్మిది వందల ఎనభై మూడుకి వద్దాం. మన కాలేజీ పది ఆటలు గెలిచి ఒక్కటి ఓడిన ఏడు. ఆ ఒక్కటీ అక్టోబరులో డన్‌మోర్ మీద. చివరి నిమిషంలో మనవాడు గోల్ కర్రల మధ్యకి తన్నిన బంతి కర్రకి తగిలి వెనక్కి వచ్చింది. మర్నాడు ఆదివారం పొద్దున నేను తలుపు తీసేసరికి ఇంటి ముందు గడ్డిలో పెద్ద బోర్డు పాతి ఉంది. ఎర్ర రంగుతో ఏదో రాసి ఉంది. కింద బోలెడు సంతకాలు.

ఈ ఊళ్ళో పిల్లాడి పుట్టినరోజుకి బోర్డు పాతుతారు, కాలేజీ జట్టు గెలవాలని పాతుతారు. ఓడిపోయినా మా మీద ఎంత ప్రేమ, అనుకున్నాను. గాలికి పక్కకి ఒరిగితే సుత్తి తెచ్చి నేనే నిటారుగా దిగ్గొట్టాను. రెండు పక్కలా బంతిపూల కుండీలు పెట్టాను. కార్లు మెల్లగా పోతూ హారన్ కొడుతుంటే మా మూడేళ్ళ కూతురు కార్లిస్‌ని చంకన వేసుకుని చెయ్యి ఊపాను. పత్రిక ఫొటోగ్రాఫర్ వచ్చి ఫొటో తీస్తానంటే లోపలికెళ్ళి టోపీ కూడా పెట్టుకొచ్చాను.

మధ్యాహ్నం లూషియస్ వచ్చి కారు దిగి అలాగే నిలబడిపోయాడు.

"ఎవరు పాతారే ఇది?"

"ఎవరైతేనేం, మనమంటే ఇష్టమున్నవాళ్ళు. ఒరిగిపోతుంటే నేనే సరిచేశాను."

ఆయన బోర్డు వంక చూశాడు, కుండీల వంక చూశాడు, నా టోపీ వంక చూశాడు.

"గట్టిగా నిలబెట్టావ్," అన్నాడు. "నా కుర్రాళ్ళు కూడా ఇలా నిలబడి ఉంటే నిన్న గెలిచేవాళ్ళం."

భోజనం కూడా చెయ్యకుండా మళ్ళీ బయటికి వెళ్ళాడు. ఎక్కడికని అడిగితే పత్రికాఫీసులో పని ఉందన్నాడు. మర్నాడు ఉద్యోగం పోయింది. అట్టపెట్టెలు సిద్ధంగానే ఉన్నాయి. ఆ బోర్డు ఊరివాళ్ళు ఇచ్చిన వీడ్కోలు కానుక అనుకున్నాను. బాగుంది కదా అని వెంట తెచ్చుకుందామన్నాను కూడా. లారీలో చోటు లేదన్నాడాయన.

ఆ తర్వాతి సంగతి మీకందరికీ తెలిసిందే. నవంబరులో క్లేటన్ మీద చివరి ఆట. ఆరు సెకన్లుంది, మనం ఒక్క పాయింటు ముందున్నాం, వాళ్ళు గోల్ కర్రల మధ్యకి తన్నితే ఓడిపోతాం. టెర్రిల్ మోస్ అనే కుర్రాడు గాలిలోంచి ఊడిపడ్డట్టు వెళ్ళి ఆ బంతిని రొమ్ముతో ఆపేశాడు. ఇప్పటికీ మన మంగలి షాపులో ఆ ఫొటో ఉంది.

గాలిలోంచి ఊడిపడలేదు. మా హాల్లోంచి వెళ్ళాడు. సెప్టెంబరులో ఒక సాయంత్రం లూషియస్ గోడకి దుప్పటి కట్టి క్లేటన్ వాళ్ళ ఆట సినిమా వేసుకుని చూస్తున్నాడు. నేను పక్కన ఇస్త్రీ చేసుకుంటున్నాను.

"ఆ చివరివాడికి కాలు నొప్పా ఏంటి?" అన్నాను.

"ఎవడికి?"

"అడ్డు నిలబడ్డవాళ్ళలో ఎడమ చివరవాడు. బంతి కదలకముందే మడమ ఎత్తుతున్నాడు. ప్రతిసారీ."

లూషియస్ ఆ రీలు పందొమ్మిదిసార్లు వెనక్కి తిప్పాడు. ఇస్త్రీ పెట్టె కింద ఆయన చొక్కా ఒకటి మాడింది. తర్వాత ఉప్పు సీసా, మిరియాల సీసా బల్లమీద పెట్టి ఇద్దరం అటూ ఇటూ జరుపుకున్నాం. ఆయన ఒక అట్టముక్క మీద బొమ్మ గీశాడు. బంతిని చూడకు, మడమ లేవగానే దూకు. ఇంతే. ఉద్యోగం పోయిన రోజు సామాను లారీకి ఎక్కిస్తూ, వీడ్కోలు చెప్పడానికొచ్చిన టెర్రిల్ చేతిలో ఆ అట్టముక్క పెట్టాడు.

ఆట రోజున మేం వేరే ఊళ్ళో రేడియో విన్నాం. హెడ్ కోచ్ పేరు నాలుగుసార్లు చెప్పారు. లూషియస్ "మడమ చూశాడన్నమాట," అని రేడియో కట్టేసి పెట్టెలు విప్పడం మొదలెట్టాడు.

ఆయన పోయి ఏడేళ్ళయింది. కార్లిస్‌కి ఇక్కడి ఆస్పత్రిలో నర్సు ఉద్యోగం వస్తే దానితోపాటు మళ్ళీ ఫెన్నర్ వచ్చాను. చర్చి నేలమాళిగలో ఇమోజీన్ ప్రూయిట్ టీచర్ ముసలివాళ్ళకి చదువు చెబుతుంటే చేరాను. తరగతిలో అందరికంటే పెద్దదాన్నీ, అందరికంటే మొద్దునీ నేనే. రెండో ఏడు గడిచేసరికి ధైర్యం చేసి లూషియస్ అట్టముక్కల పెట్టె తెరిచాను. అడుగున టోపీ పెట్టుకుని నవ్వుతున్న నేనూ, నా పక్కన ఆ బోర్డూ ఉన్న ఫొటో దొరికింది.

వేలు పెట్టి కూడబలుక్కుని చదివాను. "ఇల్లు అమ్మబడును. కోచ్‌ని ఊరికే ఇస్తాం."

ఫొటో వెనక అప్పటి ఎడిటర్ చేతిరాత. "కోచ్ గారూ, మీకిచ్చిన మాట ప్రకారం దీన్ని వెయ్యడం లేదు." అంటే ఆ మధ్యాహ్నం ఆయన వెళ్ళింది తన ఉద్యోగం కాపాడుకోవడానికి కాదు. నా టోపీని కాపాడడానికి. నా చదువు గుట్టు ఎవరికీ తెలియదనుకున్నాను కదా. చూశారా నా తెలివి.

చదువు వల్ల ఎన్ని నష్టాలో ఇంకో వ్యాసం రాయొచ్చు. అదలా ఉంచండి. వారం కిందట నాకొక ఉత్తరం వచ్చింది. ఎనభై మూడో సంవత్సరపు జట్టు పేర్లతో కాలేజీ గేటు దగ్గర రాయి నిలబెడుతున్నారట. దాని మీద టెర్రిల్ బంతిని ఆపిన బొమ్మ చెక్కిస్తారట. మొదటి వరసలో నాకు కుర్చీ వేస్తారట. జాబితా పంపుతూ "తప్పులుంటే దిద్ది శుక్రవారంలోగా పంపండి" అన్నారు. నన్ను! అక్షరాలు దిద్దమని! ఇమోజీన్ టీచర్‌కి ఫోన్ చేసి మరీ చెప్పాను.

అరవై రెండు పేర్లు. మూడుసార్లు చదివాను. హెడ్ కోచ్ ఉన్నాడు. కోచ్‌లు ఆరుగురున్నారు. నీళ్ళ బకెట్లు మోసినతను ఉన్నాడు. అన్నిటికంటే కింద, ఆటల ముందు మైదానమంతా పరిగెత్తే కాలేజీ కుక్క బిస్కెట్ కూడా ఉంది. మంచి కుక్క, నేనేమీ అనను. లూషియస్ లేడు.

దిద్దమన్నారు కదా. పెన్సిల్ తీసుకుని బిస్కెట్ కింద "లూషియస్ టార్వర్, స్పెషల్ టీమ్స్" అని రాసి పంపాను.

రెండో రోజు కమిటీ పెద్ద గార్లండ్ బీస్లీ పీచ్ పళ్ళు కూరిన తీపి రొట్టె, అదే పీచ్ పై, పట్టుకుని మా ఇంటికొచ్చాడు. డెబ్భై ఏళ్ళవాడు, ట్రాక్టర్ల షాపు.

"ఓజెల్లా గారూ, అక్షరదోషాలు దిద్దమంటే మీరు మనిషినే చేర్చేశారు."

"దోషం ఎంత పెద్దదైతే దిద్దకూడదో కాగితంలో లేదు బాబూ."

"సీజన్ మధ్యలో వెళ్ళిపోయినవాళ్ళని చేర్చకూడదని రూలు పెట్టుకున్నామండీ. నా చేతిలో ఏం లేదు."

"ఆయన వెళ్ళలేదు. మీరు పంపారు."

"అయ్యో, నేనా? అప్పట్లో నాకూ కాలేజీకీ సంబంధమే లేదు కదండీ."

లోపలికెళ్ళి ఫొటో తెచ్చిచ్చాను. కళ్ళజోడు పెట్టుకున్నాడు. బోర్డు కింద పదకొండు సంతకాలున్నాయి. మొదటిది కాస్త పెద్దగా, తోకతో ఉంటుంది.

తన పేరు మీద బొటనవేలు అడ్డం పెట్టాడు.

"ఇది మీ దగ్గర ఎప్పట్నుంచి ఉందండీ?"

"ఫొటో నలభై ఏళ్ళ నుంచి ఉంది. చదవడం ఈమధ్యే వచ్చింది."

"కుర్రతనం అండీ అప్పుడు."

"ముప్ఫై ఏళ్ళు నీకు. చేతిరాత మాత్రం బాగుంది."

అతను ఫొటో తిరిగిచ్చాడు.

"రాయి మీద చోటు లేదండీ. కుక్క పేరుతో కింది అంచు దాకా వచ్చేసింది."

"కాస్త పైకి జరగమను. మంచి కుక్క, జరుగుతుంది."

తెచ్చిన పీచ్ పై తినకుండానే వెళ్ళాడు. నేను తిన్నాను. లివర్ కంటే నయం.

నిన్న కొత్త జాబితా వచ్చింది. అరవై మూడు పేర్లు. బిస్కెట్ కింద లూషియస్ ఉన్నాడు. కుక్క తర్వాత వేశారని కార్లిస్‌కి కోపం. దానికేం తెలుసు? ఆ ఉద్యోగంలో ఉండగా ఆయనకి ఇంత పై స్థానం ఎప్పుడూ రాలేదు.

జాబితా అడుగున మళ్ళీ అదే వాక్యం. "తప్పులుంటే దిద్ది శుక్రవారంలోగా పంపండి." మూడుసార్లు చదివాను. టెర్రిల్ ఉన్నాడు, లూషియస్ ఉన్నాడు. ఇస్త్రీ చేస్తూ మడమ చూసిన మనిషి లేదు. లేకపోవడమే మంచిది. పేరు లేకుండా బతకడంలో ఎంత సుఖముందో ఇందాకటి నుంచీ చెబుతున్నదాన్ని నేనే కదా.

శుక్రవారానికి ఇంకా రెండు రోజులుంది. పెన్సిల్ మాత్రం చెక్కి పెట్టుకున్నాను.