కప్పు మీద పద్నాలుగు ప్రశ్నలు

ఆదివారం పొద్దున్న విచారణ గుమాస్తా వేసుకున్న పథకం చాలా చిన్నది. సాయంత్రం ఆరింటికి అక్క వస్తోంది. ఈలోగా మేస్త్రీని పిలిపించి, పడకగది చెక్క సీలింగు మీదున్న అరచేయంత చెమ్మ మరక సంగతి తేల్చేయాలి. "పెంకుటిల్లు కొనకురా, వానొస్తే గిన్నెలు పెట్టుకు కూర్చుంటావ్" అని ఆవిడ అప్పట్లో చిలక్కి చెప్పినట్టు చెప్పింది. ఆ మరక గానీ ఆవిడ కంటపడిందా, బతికినన్నాళ్లూ ఇక ఆ మాటే వినాలి.

"కాస్త రంగు పూసేస్తే పోతుంది కదండీ" అంది భార్య.

"నీకు తెలీదు. అడగాల్సినవన్నీ అడిగి చేయించుకోవాలి."

ఇరవై ఏళ్లుగా ఆఫీసు కౌంటర్లో జనం ప్రశ్నలకు జవాబులు చెప్పి చెప్పి విసిగిపోయిన మనిషాయన. ఈ ఒక్కరోజైనా తాను అడుగుదామని కాగితం మీద పద్నాలుగు ప్రశ్నలు రాసుకున్నాడు. ఆయన ఖర్మకొద్దీ, వచ్చిన మేస్త్రీ కళ్లారా చూడనిదే నోరు విప్పని రకం.

"బాగుచేస్తే చాలా, కప్పంతా మార్చాలా?" అని కింద నుంచి మొదటి ప్రశ్న వేశాడు గుమాస్తా.

"చూస్తేగానీ చెప్పలేను సార్" అన్నాడు మేస్త్రీ. నాలుగు పెంకులు కిందికి దిగాయి.

"వాసం పుచ్చిందా?"

"చూడాలి సార్." ఇంకో పది దిగాయి.

"దాని పక్క వాసం?"

ఏడో ప్రశ్నకల్లా పెరట్లో పెంకులు నడుమెత్తు పేరుకున్నాయి.

"మీకు దణ్ణం పెడతాను, ఇక అడక్కండి" అంది భార్య.

"ఇంకా ఏడున్నాయే" అన్నాడాయన కాగితం చూసుకుంటూ.

అవి పూర్తయ్యేసరికి మూడయింది. కప్పు సగానికి పైగా నేల మీదుంది. మేస్త్రీ చేతులు దులుపుకున్నాడు. "వాసాలు రాయిలా ఉన్నాయి సార్. మార్చక్కర్లేదు, బాగుచేయక్కర్లేదు. ఆ మరక పాతది. అక్కడ ఎవరో ఎప్పుడో కొత్త పెంకులు వేసేశారు. రంగు పూస్తే పోతుంది."

భార్య ఆయన చేతిలోంచి ప్రశ్నల కాగితం లాక్కుంది. తిడితేనే నయమనిపించింది గుమాస్తాకు.

"ఆ ముక్క పొద్దున్నే ఏడవొచ్చుగా?"

"మరక పాతదా కొత్తదా అని మీరు అడగలేదు సార్."

ఆరింటిలోగా పెంకులన్నీ ఆదరాబాదరాగా మళ్లీ పైకెక్కాయి. ఏళ్ల తరబడి కదలని పాత పెంకులేమో, కదిపిన పాపానికి సగం బీటలిచ్చాయి. అయినా గుమాస్తా నోరు ఊరుకోలేదు. "ఇక కారదని నమ్మకమేమిటి?" అని పదిహేనో ప్రశ్న వేశాడు.

"నీళ్లు పోస్తేగానీ చెప్పలేను సార్" అంటూ మేస్త్రీ పైపు అందుకున్నాడు.

హాలు కారింది. వంటిల్లు కారింది. ఉన్న గిన్నెలన్నీ పరిచినా చాలలేదు. సరిగ్గా అప్పుడే అక్క పెట్టెతో గుమ్మంలో అడుగుపెట్టింది. ఆవిడ కళ్లజోడు మీదే ఒక చుక్క పడింది. గుమాస్తా తిట్లకు సిద్ధపడి తల వంచుకున్నాడు. ఆవిడ నీరసంగా పెట్టె మీద కూలబడింది.

"మా డాబా మూడు రోజుల నుంచి కారుతోందిరా. నీ మాటే నిజమైంది, పెంకుటిల్లే నయం. నీ ఇంట్లోనైనా పొడిగా పడుకుందామని వచ్చాను."

ఇల్లంతా వెతికితే పొడిగా ఉన్న చోటు ఒక్కటే దొరికింది, కొత్త పెంకుల కింద. అక్క మంచం అక్కడే వేశారు. ఆవిడ నడుం వాల్చి పైకి చూసింది.

"ఒరేయ్, నా నెత్తి మీద ఆ మరకేమిటి? మేస్త్రీని అడగరాదూ?"

మళ్లీ కప్పెక్కడానికి మేస్త్రీ అప్పటికే నిచ్చెన భుజానికెత్తుకున్నాడు.